మూడు రూపాయల మిత్తితో ట్రూప్ పెట్టకు చెల్లె

హనుమకొండ నుంచి ఒక చెల్లె రాసింది. ఎనిమిదేళ్లుగా ఆర్కెస్ట్రాలో పాడుతూ, డ్యాన్స్ చేస్తోంది. ఏడాదికి 75 దాకా ప్రోగ్రాములు, ఒక్కోదానికి సగటున 4 వేలు. ఇంటి ఖర్చు నెలకు 14 వేలు. ఇంకొకరి కింద ఎన్నాళ్లని, సొంత సౌండ్ సిస్టమ్, లైట్లు కొని ట్రూప్ పెట్టాలనుకుంటోంది. తెలిసినాయన 4 లక్షలు మూడు రూపాయల మిత్తికి ఇస్తానన్నాడట, అమ్మ పేరు మీదున్న ఇంటి కాగితాలు పెట్టాలట. 'తీసుకోమంటావా అన్నా?'

వద్దు. ట్రూప్ పెట్టాలన్న కోరిక మంచిదే, ఈ అప్పే మంచిది కాదు. నీ సంపాదన ఏడాదికి 3 లక్షలు, ఇంటికి లక్షా 68 వేలు పోతే మిగిలేది లక్షా 32 వేలు, మరి మిత్తి ఒక్కటే లక్షా 44 వేలు! అసలులో రూపాయి తగ్గకముందే 12 వేలు తక్కువ పడ్డావు. సొంత ట్రూప్ అయితే ఎక్కువ వస్తుందంటావు, నిజమే, కానీ కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్లకు, డీసీఎం వ్యాన్ కిరాయికి నువ్వే ఇవ్వాలి, బుక్ చేసుకున్నవాళ్లు డబ్బు బాకీ పెట్టినా సరే.

స్టేజీ మీద బతికేవాళ్లలో చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. వినాయక చవితి నుంచి సద్దుల బతుకమ్మ దాకా చేతి నిండా పని ఉంటుంది, ఆ నెల రోజులు చూసి ఏడాదంతా అంతే అనుకుని అప్పు చేస్తారు. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం వచ్చినప్పుడు పెళ్లిళ్లే ఉండవు కదా, మిత్తి మాత్రం ఏ నెలా ఆగదు.

పైగా నీ పెట్టుబడి నీ గొంతు, నీ కాళ్లు. గొంతులో బొడిపెలు వస్తే వారాల తరబడి పాడొద్దంటారు. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయితే మళ్లీ స్టేజీ ఎక్కడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆరోగ్యశ్రీ ఆస్పత్రి ఖర్చుకే, ఇంట్లోకి బియ్యం తెచ్చిపెట్టదు.

అందుకే ముందు ఎనిమిది నెలల ఇంటి ఖర్చు, అంటే లక్షా 12 వేలు, పక్కన పెట్టు. ప్రతి ప్రోగ్రామ్ డబ్బు రాగానే, చీరలు, మేకప్ సామాను కంటే ముందు, 1,300 రూపాయలు వేరే ఖాతాలో జమ చెయ్యి. ఏటీఎం కార్డు తీసుకోకు. ఏడాది మీద రెండు నెలల్లో నిండుతుంది. తరువాత కూడబెట్టేది సౌండ్ సిస్టమ్‌కు. అప్పటిదాకా సొంతంగా ఒప్పుకున్న ప్రోగ్రాములకు సౌండ్ కిరాయికి తెచ్చుకో. ఆ తరువాత కూడా తక్కువ పడితే బ్యాంకులో ముద్ర లోన్, అంటే చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు, అడుగు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, అంటే ప్రమాద బీమా, బ్యాంకులో రేపే కట్టు.

ఆయనకు వద్దని ఈ రోజే చెప్పు. కాగితాలు ఇప్పటికే ఇచ్చి ఉంటే సాయంత్రంలోగా వెనక్కి తెచ్చుకో.