మూడు వారాల ఆల్జీబ్రా టూ కోర్సుకి పంపొచ్చా అని అడిగినవారికి

"మావాడు తొమ్మిదో గ్రేడ్ పూర్తిచేశాడు, లెక్కల్లో బాగా చురుకు. వేసవిలో ఎవరి వేగంలో వాళ్లు చేసుకునే ఆల్జీబ్రా టూ (అమెరికా హైస్కూల్లో ఏడాదంతా చదివే రెండో బీజగణితం) కోర్సులో సీటొచ్చింది. మూడు వారాలు అక్కడే ఉండాలి. పంపితే ఒక ఏడాది కలిసొస్తుందా?" అని కదా మీరు అడిగింది.

పంపండి అనే అంటాను. ఏడాది సంగతి తర్వాత చెప్తాను, ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

మూడేళ్ల కిందట మా పెద్దమ్మాయిని ఇలాంటి కోర్సుకే పంపాం. అప్పటికి తనకి పద్నాలుగేళ్లు. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. కోర్సు జరిగింది పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీ క్యాంపస్‌లో. ఆదివారం పొద్దున్నే బయల్దేరి వెళ్లి దుప్పట్లు, టేబుల్ ఫ్యాను, ఒక సీసా గోంగూర పచ్చడి గదిలో పెట్టి, మధ్యాహ్నానికి తిరుగుముఖం పట్టాం. దారి పొడుగునా మా ఆయనా నేనూ ఒకటే లెక్క వేసుకున్నాం. పదమూడు చాప్టర్లు, పదిహేను రోజుల క్లాసు. రోజుకొకటి చొప్పున చేసినా ఇంకా రెండు రోజులు మిగుల్తాయి.

అక్కడి పద్ధతి ఇదీ. పగలు అయిదు గంటలు క్లాసు, రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు స్టడీ. పదిహేనుమంది పిల్లలు, ఒక మాస్టారు, ఆయనకి సాయంగా ఒక కాలేజీ కుర్రాడు. బోర్డు దగ్గర నిలబడి అందరికీ కలిపి పాఠం చెప్పడమనేది ఉండదు. ప్రతి చాప్టరుకీ ముందు ఒక పరీక్ష. అందులో ఏ రకం లెక్కలు తప్పయితే అవే చదవాలి, అవే చేయాలి, ఆ తర్వాత ఇంకో పేపరు రాయాలి. నూటికి ఎనభై అయిదు దాటితేనే తర్వాతి చాప్టరు. దాటకపోతే అక్కడే. పక్కన కూర్చున్న పిల్ల నాలుగు చాప్టర్లు ముందుండొచ్చు, రెండు వెనకుండొచ్చు, దానితో మనకి పని లేదు.

ఇది ఈమధ్య పుట్టిన పద్ధతి కాదు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1971లో లెక్కల్లో అసాధారణమైన పిల్లల మీద అధ్యయనం మొదలుపెట్టారు. 1972లో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత, కాలేజీకి వెళ్లబోయేవాళ్లు రాసే శాట్ పరీక్ష రాయించి చూశారు. ఆ ఏడాదే కొద్దిమంది పిల్లలకి శనివారాల్లో లెక్కల క్లాసు పెడితే, వాళ్లలో కొందరు ఏడాది పైచిలుకులో ప్రీకాల్క్యులస్ దాకా, అంటే కాల్క్యులస్‌కి ముందు చదివే లెక్కల దాకా, వెళ్లిపోయారు. 1980 నుంచి వేసవిలో క్యాంపస్‌లో ఉండి చదివే కోర్సులొచ్చాయి. మనవాళ్లందరికీ ఇందులో వేగం ఒక్కటే కనిపిస్తుంది. అసలు కీలకం ప్రతి చాప్టరుకీ ముందు పెట్టే ఆ పరీక్షలో ఉంది. పిల్లలకి వచ్చిన పాఠం మళ్లీ చెప్పి విసిగించకూడదు, రానిది ఏదో కనిపెట్టి అదొక్కటే చెప్పాలి. వేగం దానంతట అదే వస్తుంది.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. నాలుగో రోజు రాత్రి ఫోనొచ్చింది.

"అమ్మా, నన్ను తీసుకెళ్లిపో." ఏడుస్తోంది. ఒకే చాప్టరు పరీక్ష మూడోసారి పోయిందట. తను ఇంకా రెండో చాప్టర్లోనే ఉందట, బోస్టన్ నుంచి వచ్చిన అబ్బాయి ఆరోదాంట్లో ఉన్నాడట. నేను ఓదార్చలేదు. "రెండోదా? నాలుగు రోజుల నుంచీ?" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోగలిగితే ఎంత బావుండునో ఇప్పటికీ అనుకుంటాను. అవతల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి "గుడ్‌నైట్" అని పెట్టేసింది.

ఆ వారాంతంలో చూడనిస్తారంటే పరుగున వెళ్లాం. చెట్టు కింద బల్ల మీద కూర్చుని నోట్‌బుక్ తీసి చూపించింది. తనని మూడుసార్లు పడగొట్టింది చిన్న లెక్క. 5ని "ఎక్స్ మైనస్ 2"తో భాగిస్తే 1 కన్నా ఎక్కువ రావాలి, ఎక్స్ ఎంత ఉండొచ్చు? మా అమ్మాయి రెండువైపులా "ఎక్స్ మైనస్ 2"తో గుణించేసి, ఎక్స్ 7 కన్నా తక్కువ అని రాసింది. మూడు పేపర్లలోనూ అంకెలు మార్చి ఇదే రకం ఇచ్చారు, మూడింట్లోనూ ఇదే తప్పు. స్కూల్లో అయితే సగం మార్కులిచ్చి ముందుకి పంపేసేవాళ్లు. నిజానికి పంపారు కూడా. అసమానతల చాప్టర్లో తనకి "A" గ్రేడే వచ్చింది.

మాస్టారు తప్పెక్కడో చెప్పలేదట. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "సున్నా పెట్టి చూడు" అన్నారట, అంతే. సున్నా 7 కన్నా తక్కువే. కానీ 5ని మైనస్ 2తో భాగిస్తే మైనస్ రెండున్నర, అది 1 కన్నా ఎక్కువెలా అవుతుంది? తను ఆ పేజీలో పెన్సిల్‌తో అంకెలు ఒక్కొక్కటీ పెట్టి చూసుకుంది. 1 పనికిరాదు, 3 పనికొస్తుంది, 6 పనికొస్తుంది, 8 పనికిరాదు. గుణించేది మైనస్ అయితే గుర్తు తిరగబడుతుందని దానికి తెలుసు. "ఎక్స్ మైనస్ 2" అన్నది మైనస్ కూడా కావొచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. పేజీ అడుగున పెద్ద అక్షరాలతో జవాబు రాసుకుంది, 2కీ 7కీ మధ్య అని. దాని చుట్టూ గీసిన గీతకి కాగితం చిరిగింది. "అమ్మా, ఇది నాకు రెండేళ్ల నుంచీ రాదు, వచ్చనుకున్నాను" అంది. అప్పుడు తన మొహంలో ఏడుపు లేదు.

నేను ఇంటర్ చదివింది విజయవాడలో, హాస్టల్లో ఉండి. పొద్దున్న అయిదింటికి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం నోటీసు బోర్డు మీద ర్యాంకులు. త్రికోణమితి మొదటి వారం జ్వరం వచ్చి ఇంటికెళ్లాను. తిరిగొచ్చేసరికి సెక్షనంతా ముందుకెళ్లిపోయింది. ఆ వారం పాఠం నాకెవరూ మళ్లీ చెప్పలేదు, సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కాను. ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగం చేస్తున్నా ఆ ఖాళీ అలాగే ఉంది. "రానిది వచ్చేదాకా నిన్ను కదలనివ్వను" అని నన్ను ఒక్కరు ఆపి ఉంటే ఎంత బాగుండేది! ఇప్పుడు మన ఊళ్లలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. అక్కడా అంతే, తెలివైన పిల్లలనీ, తడబడే పిల్లలనీ ఒకే టైంటేబుల్‌కి కట్టేస్తున్నారు. ఇద్దరికీ అన్యాయమే.

అమెరికాలో ఇంకో రకం అన్యాయం. శాన్ ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో గ్రేడ్ ఆల్జీబ్రా తీసేసి, అందరూ తొమ్మిదిలోనే చదవాలన్నారు. మళ్లీ పెట్టాలని నిర్ణయించడానికి పదేళ్లు పట్టింది, 2024 దాకా. మా ఆడపడుచు కొడుకు ఆ మధ్యకాలంలో చిక్కుకున్నాడు. వాళ్లకి డబ్బుంది కాబట్టి బయట కట్టి చదివించారు, లేనివాళ్ల పిల్లలు ఆగిపోయారు. సమానత్వం పేరు చెప్పి చేసిన ఈ పని మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మా అమ్మాయి విషయానికొస్తే, మూడు వారాల్లో పదకొండు చాప్టర్లే అయ్యాయి. రెండో చాప్టరు దాటాక ఒకేరోజు రెండు చేసిన రోజులూ ఉన్నాయి. మిగిలిన రెండూ ఆగస్టులో మా డైనింగ్ టేబుల్ మీద అదే పద్ధతిలో చేసుకుంది. పేపర్లు నేను దిద్దాను, ఎనభై మూడు వచ్చినరోజు నన్ను అడక్కుండానే మళ్లీ రాసింది.

ఇక మీ ఏడాది సంగతి. మా స్కూలు ఆ కోర్సుని ఒప్పుకోలేదు. జూన్‌లో ఫోన్లో "పర్లేదండీ" అన్న కౌన్సెలరే సెప్టెంబర్‌లో క్రెడిట్ ఇవ్వం, అంటే కోర్సు చదివినట్టు రికార్డులో వేయం, అన్నారు. ప్రిన్సిపల్ దాకా వెళ్తే, స్కూలు వాళ్ల ఫైనల్ పరీక్ష రాసి పాసైతే ప్రీకాల్క్యులస్‌లో కూర్చోబెడతామన్నారు. రాసింది, కూర్చుంది. అందుకని మీరు ఫీజు కట్టకముందే స్కూలుకి ఈమెయిల్ పెట్టండి. క్రెడిట్ ఇస్తారా, ప్లేస్‌మెంట్ (పై కోర్సులో కూర్చోనివ్వడం) మాత్రమే ఇస్తారా, ఏ పరీక్ష రాయాలి, ఎప్పుడు రాయాలి, అన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో చెప్పింది నమ్మకండి. కోర్సు వాళ్లని కూడా చాప్టరు ముందు పెట్టే పరీక్ష పేపరు ఒకటి చూపించమనండి. అలాంటిది లేదు, అందరూ వీడియోలు చూసి ముందుకెళ్తారు అంటే సీటు వదులుకోండి.

మీవాడు నాలుగో రోజో అయిదో రోజో ఫోన్ చేస్తాడు. ఏ చాప్టర్లో ఉన్నావని అడక్కండి. ఏ లెక్క దగ్గర ఆగావో చెప్పమనండి, చివరిదాకా వినండి.