యాంటిలోప్ క్యానియన్: మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అప్పరా, లోయరా?

యాంటిలోప్ క్యానియన్ అంటే అమెరికాలోని అరిజోనాలో ఉన్న ఇరుకు రాతి లోయ. దానిలో అప్పర్, లోయర్ అని రెండు భాగాలు, టికెట్లు వేరువేరు. ఒడిశాలోని గుణుపురం నుంచి అరిజోనాలోని ఫీనిక్స్ వస్తున్న అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి అప్పర్‌కే టికెట్ తీసుకోండి. లోపల నడకంతా దాదాపు చదునైన ఇసుక మీదే. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లు, నిచ్చెనలు ఎక్కి దిగాలి, వద్దు. అప్పర్‌లోనూ బయటికొచ్చే దారి వేరు, కొండ మీదుగా మెట్లూ వాలూ ఉంటాయి. బుకింగ్‌కు ముందే అడగండి. క్యానియన్ ఉన్నది నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగవారి నేల, గైడ్ లేకుండా వెళ్లనివ్వరు.

జూలై–సెప్టెంబరు మధ్య వెళ్తే, ఎండ కాస్తుంటే టూర్ ఎందుకు ఆపారని గొడవపడకండి. గుణుపురం ఎగువన కురిసిన వానకు గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార పొంగినట్టే, ఇక్కడా నీళ్లు మైళ్ల అవతలి నుంచి వస్తాయి. కాకపోతే ఈ రాతి సందు నిమిషాల్లో నిండుతుంది, తప్పుకునే చోటుండదు. 1997 ఆగస్టు 12న లోయర్‌లో 11 మంది చనిపోయింది అలాగే.

గడియారంతో మరో తిరకాసు. వేసవిలో నవాహో నేల మీద సమయం గంట ముందుంటుంది, టూర్లు మాత్రం ఫీనిక్స్ సమయం ప్రకారమే నడుస్తాయి. ఫోన్ తనంతట తానే మారిపోయి మిమ్మల్ని గంట ముందే ఎండలో నిలబెడుతుంది. ఆటోమేటిక్ సమయం ఆపేసి ఫీనిక్స్ పెట్టుకోండి.

సంచులు, ట్రైపాడ్‌లు రానివ్వరు. చేతిలో నీళ్ల సీసా చాలు. పైనుంచి దిగే కాంతి ధారలు కావాలంటే వేసవి మధ్యాహ్నం టూరే, ధర ఎక్కువే.