పూల్ టేబుల్ పైన లైటు: ఓనరుదా, అద్దెకున్నవారిదా?

సందేహం: అద్దె ఇంట్లో ఉంటున్నాం. హాల్లో ఎనిమిది అడుగుల పూల్ టేబుల్ (కర్రతో బంతులు కొట్టి ఆడే బల్ల) వేసుకున్నాను. దాని పైన మూడు గాజు షేడ్ల డెకరేటివ్ లైటు వేలాడదీయాలని ఉంది. అందుకు శ్లాబుకు రంధ్రాలు వేయాలి. రేపు ఖాళీ చేసేటప్పుడు, కప్పుకు బిగించింది కాబట్టి లైటు ఇంటిదేనని ఓనరు అంటే వదులుకోవాల్సిందేనా?

సమాధానం: వదులుకోనక్కర్లేదు. కానీ ముందు మీ అద్దె ఒప్పందం తీసి చదవండి. ఓనరు అనుమతి లేకుండా గోడలకు, కప్పుకు మార్పులు చేయకూడదనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఉంటే మీకూ అదే వర్తిస్తుంది. అలాంటి షరతేమీ లేకపోతే ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ మీకు పనికొస్తుంది. అద్దెకున్నవారు తాము బిగించుకున్న వస్తువులను విప్పి తీసుకెళ్లవచ్చని, అయితే ఇంటిని తమకిచ్చినప్పుడు ఉన్న స్థితిలో అప్పగించాలని అది చెబుతుంది.

ఒక వస్తువు ఇంట్లో భాగమైపోయిందా లేదా అన్నదానికి కోర్టులు రెండు విషయాలు చూస్తాయి: ఎంత గట్టిగా బిగించారు, ఎందుకు బిగించారు. 1872 నాటి ఒక ఇంగ్లిష్ తీర్పులో దీనికి మంచి ఉదాహరణ ఉంది. రాళ్లను ఒకదానిపై ఒకటి పేర్చి గోడ కడితే అవి నేలలో భాగం. అవే రాళ్లు మేస్త్రీ యార్డులో కుప్పగా ఉంటే సరుకే. ఈ లెక్కన, నలుగురు పట్టినా లేవని మీ పలకరాతి టేబుల్ గురించి ఏ గొడవా రాదు, అది తన బరువుతో నిలబడింది కాబట్టి చరాస్తే. ఒంటి చేత్తో ఎత్తగలిగే లైటు దగ్గరే పేచీ వస్తుంది!

అందుకే లైటు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఫాల్స్ సీలింగ్ కోసి లోపల పొదిగే రకం వద్దు. హుక్కులకు గొలుసుతో వేలాడేది తీసుకోండి. ఆట పరంగానూ అదే నయం. అంతర్జాతీయ పూల్ పోటీల నిబంధనల ప్రకారం, పక్కకు జరపగలిగే లైటు టేబుల్ ఉపరితలానికి కనీసం 40 అంగుళాల ఎత్తున, జరపలేనిది 65 అంగుళాల ఎత్తున ఉండాలి. టేబుల్ మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు పడాలి. రంగు గాజు షేడ్లు అందంగానే ఉంటాయి కానీ వెలుతురు మింగేస్తాయి. ఇంకో మాట, లైటు టేబుల్‌కు సరిగ్గా నడిమధ్యన రావాలి, గదికి కాదు. గది మధ్యలో ఇప్పటికే ఓనరు ఫ్యాను ఉంటే టేబుల్‌ను కాస్త జరుపుకోండి. ఫ్యాను విప్పాల్సి వస్తే దాన్ని భద్రపరిచి, వెళ్లేటప్పుడు తిరిగి బిగించాల్సిన బాధ్యత మీదే.

ఓనరు అనుమతి నోటి మాటగా వద్దు, ఒక మెసేజ్ చాలు. "లైటు నాది, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్తాను, రంధ్రాలు పూడ్చి రంగు వేయిస్తాను" అని రాసి, ఆయన సరే అన్న జవాబును దాచుకోండి. బిగించే ముందు కప్పు ఫోటో తీయండి. ఆయన ససేమిరా అంటే పోట్లాడొద్దు. నేలమీద నిలబెట్టే స్టాండు లైటుతో సరిపెట్టుకోండి.

పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి, బిల్లు అడిగి తీసుకోండి. హుక్కు ఊడి ఆడుతున్న అతిథి తలపై లైటు పడితే ముందుగా ప్రశ్న వచ్చేది దాన్ని వేలాడదీయించిన మీకే. తగినంత జాగ్రత్త తీసుకున్నారని చూపడానికి ఆ బిల్లే ఆధారం.

చివరగా, చాలామంది పొరపాటు చేసే చోటు ఇదే: పైన చెప్పిన హక్కు ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నంత వరకే. తాళాలిచ్చేసి, లైటు వచ్చే వారం వచ్చి తీసుకెళ్తానంటే చట్టం మీ పక్షాన నిలవదు. ముందు లైటు దించండి, తర్వాతే తాళాలివ్వండి.