ఆంప్లిఫయర్‌లో బొయ్యిమనే మోత గురించి

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన నీ వాల్వు ఆంప్లిఫయరు ఫోటోలు చూశాను. ఫోను స్పీకరులో 50 హెర్ట్జ్ మోత సరిగా పలకదు కనుక దాని మోత రికార్డింగును హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మోత పోవడానికి ఫిల్టర్ కెపాసిటర్లు (రెక్టిఫయరు ఇచ్చే డీసీని నునుపు చేసేవి) మార్చేస్తానని రాశావు, ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టవద్దు. అవి పాడైతే, ఏసీని డీసీగా మార్చే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ దాటి వచ్చే మోత 100 హెర్ట్జ్‌లో, కాస్త గరుకుగా ఉంటుంది. నీది మెత్తగా, లోతుగా ఉంది, అంటే 50 హెర్ట్జ్‌ది, వాల్వులను వేడిచేసే హీటరు తీగల నుంచో, ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం నుంచో వస్తున్నదని నా అనుమానం.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో మిగిలిన హైవోల్టేజిని 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరుతో ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, ప్రతిసారీ ఇదే చెబుతాను.

వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా మోత అలాగే ఉంటే, అది ఆ కంట్రోలు తర్వాతి భాగంలో పుడుతున్నట్టు. తగ్గితే, ఇన్‌పుట్ వైపే వెతకాలి. నీ రెండో ఫోటోలో హీటరు తీగలు రెండూ విడివిడిగా, ఈసీసీ83 వాల్వు గ్రిడ్ తీగను (సిగ్నలు వాల్వులోకి వెళ్లే తీగను) ఆనుకుని వెళ్తున్నాయి. వాటిని జడలా బిగువుగా మెలిపెట్టి, చాసీ మూలవెంట నడిపించి, గ్రిడ్ తీగకు దూరంగా పెట్టు. ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్లకిచ్చే 6.3 వోల్టుల వైండింగుకు సెంటర్ ట్యాప్ (మధ్య నుంచి తీసిన తీగ) లేకపోతే, దాని రెండు కొసల నుంచి చెరో 100 ఓముల అర వాటు రెసిస్టరును గ్రౌండుకు కలుపు. ట్యాప్ ఉండి, అది గ్రౌండు అయి ఉంటే రెసిస్టర్లు అక్కర్లేదు. మొదటి కెపాసిటరు గ్రౌండు తీగలోనే ఇన్‌పుట్ గ్రౌండును కలపకు, ఆ కెపాసిటరు ఛార్జింగు కరెంటు ఆ తీగ మీద కొంత వోల్టేజి పుట్టించి, దాన్ని సంగీతంలో కలిపేస్తుంది.

ఇంత చేసినా మోత పోకపోతే, రెక్టిఫయరుతో సహా వాల్వులన్నీ తీసి స్విచ్ వెయ్యి. (నీది డయోడ్ల రెక్టిఫయరైతే లోడు లేక వోల్టేజి పెరుగుతుంది, కెపాసిటర్ల రేటింగు చూసుకున్నాకే ఈ పరీక్ష చెయ్యి.) అప్పుడూ స్పీకరు మోగుతుంటే, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి చొరబడుతున్నట్టే. ఆ రెండింటిలో ఒకదాన్ని తొంభై డిగ్రీలు తిప్పి బిగించడమో, దూరంగా జరపడమో తప్ప వేరే మందు లేదు.

ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే వినకు. మీ పాత ఇంట్లో మూడు పిన్నుల సాకెట్టులో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ చేత చూపించు.

హీటరు తీగలు సర్దాక వాల్యూమ్ సున్నాలో ఒకటి, సగంలో ఒకటి రికార్డు చేసి పంపు.

ఇట్లు,
మామయ్య