పేరు కోసం ఇస్తే అది దానం కాదా?

ప్రశ్న: మేం కొందరం కలిసి నడుపుకుంటున్న చిన్న గ్రంథాలయానికి నేను నెలనెలా కొంత చందా ఇస్తూ, వారానికి రెండు గంటలు అక్కడ పని చేస్తున్నాను. “ఇదంతా నీ పేరు కోసం, నీ తృప్తి కోసం. పైసా ఇవ్వనివాళ్లూ అవే పుస్తకాలు చదువుకుంటున్నారు కదా!” అని నా స్నేహితురాలు అంటోంది. ఆమెకు బదులు చెప్పలేకపోయాను. ఇలాంటి పనులకు మనుషులు డబ్బూ సమయమూ ఎందుకు ఇస్తారు?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ స్నేహితురాలి మాటలో రెండు ప్రశ్నలున్నాయి. తృప్తి కోసం ఇచ్చేది దానమేనా అన్నది మొదటిది, ఇవ్వనివారికీ ఫలం దక్కుతున్నప్పుడు ఇవ్వడం దేనికన్నది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే కాబట్టి ఆమెపై కోపం తెచ్చుకోకండి.

పని జరిగితే చాలు, ఎవరు చేస్తేనేం అన్నదే దాతల ఆలోచన అయితే, అదే పనికి ప్రభుత్వం డబ్బు ఇవ్వగానే వారు తమ చందాను సరిగ్గా అంత మేరకు తగ్గించుకోవాలి. వాస్తవంలో అలా పూర్తిగా తగ్గించుకోరు. తన చేత్తో ఇవ్వడంలోనే మనిషికి ఒక తృప్తి ఉందని, దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే దానం అర్థం కాదని ఆర్థికవేత్త జేమ్స్ ఆండ్రియోనీ 1990లో వివరించారు. ఈ తృప్తిని నేను మచ్చగా చూడను. ఊడిపోయిన పుట కుట్టు దగ్గర జిగురు రాసి, ఆరేదాకా బరువు పెట్టి ఉంచిన పుస్తకం మరుసటి వారం ఒక పిల్లవాడి ఒళ్లో తెరిచి కనిపిస్తే కలిగే సంతోషాన్ని, ఆ పుస్తకం బాగుపడాలన్న కోరిక నుంచి విడదీయడం ఎవరి తరమూ కాదు. పేరు సంగతీ అంతే. దానంపై వెలువడిన 500కు పైగా పరిశోధన పత్రాలను పరిశీలించి రెనే బెకర్స్, పామెలా వీప్కింగ్ 2011లో ఎనిమిది ప్రేరణలను గుర్తించారు. అవసరం తెలియడం, అడగడం, విలువలు, తమ సాయం వల్ల ఫలితం ఉంటుందన్న నమ్మకం వంటివాటి సరసనే పేరు ప్రతిష్ఠలూ ఉన్నాయి. ఒకే మనిషిలో ఇవన్నీ కలిసే ఉంటాయి.

రెండో ప్రశ్న ఇంతకన్నా లోతైనది. అందరికీ దక్కే మేలు కోసం, తమ లాభమే చూసుకునేవారు తమంతట తాము తగినంత ఖర్చు పెట్టరని, పెద్ద సమూహాలలో ఇది మరీ ఎక్కువని ఆర్థికవేత్త మాన్‌కర్ ఓల్సన్ 1965లో వాదించారు. అయితే నీటి కాలువలను, అడవులను, చేపల వేటను ఎన్నో సమూహాలు తరతరాలుగా తామే కాపాడుకుంటున్న తీరును రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఓస్ట్రమ్ దగ్గరగా పరిశీలించి చూపారు. ఆ కృషికే 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం దక్కింది. నియమాలు తామే పెట్టుకోవడం, ఒకరి పని ఒకరికి కనబడడం, తప్పినవారిని మొదట మెల్లగా హెచ్చరించడం అలాంటిచోట్ల ఆమె గమనించిన లక్షణాలు. ఉమ్మడి నిధికి ఎవరెంత ఇస్తారో చూసిన, 2001లో వెలువడిన ఒక ప్రయోగంలో ఇంచుమించు సగం మంది ఇతరులు ఎక్కువ ఇస్తే తామూ ఎక్కువ ఇచ్చేవారుగా తేలారు. ఏమీ ఇవ్వకుండా లాభపడాలని చూసినవారు దాదాపు 30 శాతం. అంటే ఎక్కువమంది పక్కవారి వైపు చూసి నిర్ణయించుకునేవారు. ఇవ్వనివారు కొందరు ఉండడం కన్నా, ఇచ్చేవారు ఒకరికొకరు కనబడకపోవడమే ఉమ్మడి పనికి పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం.

ఇది నేను స్వయంగా చూశాను. నేను జమాఖర్చులు రాసిన ఒక చిన్న సంఘంలో ఒక ఏడాది లెక్కలు చదివి వినిపించడం వాయిదా పడింది. ఒక్క పైసా కూడా దారి తప్పలేదు, అయినా మరుసటి ఏడాది చందాలు తగ్గాయి. ఆ తరువాత పద్దుల పుస్తకాన్ని అందరూ కూర్చునే బల్లమీదే తెరిచి ఉంచాం. చీపురు కొన్న రసీదు కూడా అందులో అంటించి ఉండేది. జనం దాన్ని తిరగేసి చూసేవారు, కొందరు అక్కడికక్కడే చందా రాసేవారు.

అలాగని డబ్బు ఆశ చూపితే సేవ పెరుగుతుందని అనుకోవద్దు. విరాళాలు సేకరించే విద్యార్థులపై ఉరి గ్నీజీ, ఆల్డో రుస్తికీని జరిపిన పరిశీలన 2000లో వెలువడింది. ఏమీ తీసుకోకుండా తిరిగినవారే అందరికన్నా ఎక్కువ పోగుచేశారు. సేకరించిన మొత్తంలో 10 శాతం ఇస్తామన్న విద్యార్థులు కూడా వారిని అందుకోలేకపోయారు, 1 శాతం ఇస్తామన్న విద్యార్థులు అందరికన్నా వెనకబడ్డారు.

ఇక మీ స్నేహితురాలి విషయం. ఆమెతో వాదించి గెలవాలని చూడకండి. ఆ ఎనిమిది ప్రేరణలలో ‘అడగడం’ ఒకటని చెప్పాను కదా. చాలామంది ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనం కాకపోవచ్చు, తెలిసినవారెవరూ ఫలానా పనికి రమ్మని నోరు తెరిచి అడగకపోవడమే కావచ్చు. “ఈ వారం ఇరవై పుస్తకాలకు అట్టలు వేయాలి, రెండు గంటలు నాతో వస్తావా?” అని అడగండి. వెళ్లేటప్పుడు పద్దుల పుస్తకం కూడా ఆమె చేతికివ్వండి.