పరీక్షలో పాజిటివ్ వచ్చినవన్నీ పాపకు పడనివేనా?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. నాలుగో నెలలో బుగ్గలు ఎర్రబడి పొక్కడం మొదలై, ఇప్పుడు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక కూడా పొలుసులు కడుతున్నాయి. రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది. డాక్టరు ఎగ్జిమా అన్నారు. పదో నెలలో ఉడికించిన గుడ్డు పెడితే పది నిమిషాల్లో ముఖమంతా దద్దుర్లు లేచి, పెదవి వాచి, వాంతి చేసుకుంది. దాంతో భయపడి రక్తపరీక్ష చేయిస్తే గుడ్డుతో పాటు పాలు, గోధుమ, సోయా, వేరుసెనగ కూడా పాజిటివ్ వచ్చాయి. పాలు, గోధుమ, సోయా అంతకుముందు ఏ ఇబ్బందీ లేకుండా తీసుకునేది. అయినా అన్నీ మాన్పించాం. మూడు నెలలు గడిచినా దురద తగ్గలేదు సరికదా, బరువు పెరగడం ఆగిపోయింది. డాక్టరు రాసిన స్టెరాయిడ్ క్రీము వద్దంటే వద్దని మా అత్తగారు పట్టుబడుతున్నారు. గుడ్డు పడదు కాబట్టి ఎంఎంఆర్ టీకా కూడా వేయించలేదు. మేము ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే సగం చిక్కు వీడిపోతుంది. గుడ్డు తిన్న పది నిమిషాలకు దద్దుర్లు, పెదవి వాపు, వాంతి రావడం గుడ్డు అలర్జీకి స్పష్టమైన లక్షణం. ఆ వివరం విన్న వైద్యుడికి రక్తపరీక్ష చూడకముందే విషయం దాదాపు అర్థమవుతుంది. నెలల తరబడి సాగుతున్న దురద, ఎరుపు, పొలుసులు మాత్రం ఎగ్జిమావి. మీరు గుడ్డుకు పడిన భయాన్ని ఎగ్జిమాకు కూడా వర్తింపజేసి, పాప తినేవాటిని ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ వచ్చారు. చికిత్స అవసరమైన చర్మానికి మాత్రం ఈ మూడు నెలల్లో చికిత్స అందలేదు.

ఎగ్జిమా ప్రధానంగా చర్మం జబ్బు. చర్మం పైపొర బిగువుగా ఉండడానికి, లోపలి తేమ బయటికి పోకుండా ఉండడానికి తోడ్పడే ప్రొటీన్లలో ఫిలాగ్రిన్ ఒకటి. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో తేలింది. ఎగ్జిమా ఉన్న పిల్లలందరికీ ఆ లోపం ఉంటుందని కాదు గానీ, వాళ్లందరి చర్మమూ పొడిబారి, పగుళ్లిచ్చి, బయటి పదార్థాలను సులువుగా లోపలికి రానిచ్చే స్థితిలోనే ఉంటుంది. ఇంట్లో దుమ్ములోనూ, పెద్దవాళ్ల చేతుల మీదా ఉండే ఆహారపు నలుసులు ఆ పగుళ్ల గుండా ఒంట్లోకి చేరితే రోగనిరోధక వ్యవస్థ వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుందనీ, అదే ఆహారం తగిన వయసులో నోటి ద్వారా కడుపులోకి వెళితే దానికి అలవాటు పడుతుందనీ పిల్లల అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్ 2008లో ప్రతిపాదించారు. అంటే చాలామంది అనుకునేదానికి ఇది తలకిందులు: ఆహారం పడక ఎగ్జిమా రావడం కంటే, ఎగ్జిమా వల్ల ఆహారం పడకుండా పోవడమే ఎక్కువ. 2015లో వెలువడిన లీప్ అధ్యయనం ఈ ఆలోచనకు బలమిచ్చింది. అందులో తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ, రెండూ గానీ ఉన్న 640 మంది పసివాళ్లను, 4 నుంచి 11 నెలల వయసులో, రెండు జట్లుగా చేశారు. ఐదేళ్లు నిండేసరికి వేరుసెనగను పూర్తిగా మానిపించిన జట్టులో 17.2 శాతం మందికి దాని అలర్జీ రాగా, క్రమం తప్పకుండా తినిపించిన జట్టులో 3.2 శాతం మందికే వచ్చింది.

ఇక రక్తపరీక్ష సంగతి. మీరు చేయించినది ఐజీఈ పరీక్ష అయితే, అది చెప్పేది ఒక్కటే: ఫలానా ఆహారాన్ని గుర్తుపట్టే ఐజీఈ ప్రతిరక్షకాలు ఒంట్లో ఉన్నాయా లేవా అన్నది. తింటే ఏమవుతుందన్నది మీ ప్రశ్న. ఈ రెండూ ఒకటి కావు. ఎగ్జిమా ఉన్న పిల్లల రక్తంలో ఐజీఈ మామూలుగానే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, హాయిగా తినగలిగే పదార్థాలకు కూడా పాజిటివ్ వస్తుంటుంది. అందుకే అనుమానం ఉన్న ఒకటి రెండు ఆహారాలకే ఈ పరీక్ష చేయించాలి తప్ప, పెద్ద జాబితా పెట్టి వల వేయకూడదు. ఏ పరీక్షా తేల్చలేనప్పుడు, అత్యవసర చికిత్సకు ఏర్పాట్లున్న చోట వైద్యుడి ఎదుట ఆ ఆహారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించి చూస్తారు. దాన్ని ఓరల్ ఫుడ్ ఛాలెంజ్ అంటారు, చివరి మాట దానిదే. ఐజీజీ అనే మరో రకం ప్రతిరక్షకాల కోసం చేసే పరీక్ష మాత్రం అలర్జీ నిర్ధారణకు అసలు పనికిరాదు. తిన్న ఆహారానికి ఐజీజీ ఉండడం సహజం.

కాబట్టి నిన్నటిదాకా ఇబ్బంది లేకుండా తాగుతున్న పాలను, తింటున్న గోధుమను, సోయాను ఒక కాగితం చూసి ఆపవలసింది కాదు. అలాగని ఈ సమాధానం చదివి ఈ సాయంత్రమే పాపకు పాలు పట్టకండి. ఎగ్జిమా ఉండి, పరీక్షలో పాజిటివ్ వచ్చిన పిల్లలకు ఒక ఆహారాన్ని కొన్ని వారాలో నెలలో ఆపేస్తే, అంతవరకూ ఉన్న అలవాటు పోయి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ తలెత్తే ప్రమాదం ఉంది. అవసరం లేకుండా ఆహారాలు మానిపించడం వల్ల జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మూడు నెలల విరామం తర్వాత ఏది ఇంట్లో మొదలుపెట్టవచ్చో, ఏది ఆసుపత్రిలో మొదలుపెట్టాలో పిల్లల అలర్జీ తెలిసిన వైద్యుడు పరీక్ష ఫలితాన్నీ, పాప తిన్న చరిత్రనూ పక్కపక్కన పెట్టుకుని నిర్ణయించాలి. పాప ఇంతవరకు తినని వేరుసెనగకూ ఇదే వర్తిస్తుంది. బరువు ఆగిపోయింది కాబట్టి నెలలు కాకుండా రోజుల్లోనే వెళ్లండి. వీలైతే పోషకాహార నిపుణులను కూడా కలవండి. ఈలోగా ఆవుపాల బదులు మేకపాలు పట్టవద్దు, రెండింటి ప్రొటీన్లూ చాలా దగ్గరివి. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ ఆ ప్రొటీన్ అలాగే ఉంటుంది. మీరు తల్లిపాలు ఇస్తుంటే కొనసాగించండి.

అసలు పని చర్మం దగ్గర ఉంది. రోజూ గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల స్నానం చాలు. సబ్బు బదులు సువాసన లేని సున్నితమైన క్లెన్సర్ వాడి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి మీద కాస్త తడి మిగిలి ఉండగానే మాయిశ్చరైజర్ రాయాలి. సువాసన కలపని, చిక్కని క్రీమో ఆయింట్‌మెంటో అయితే మేలు. పలుచని లోషన్ ఎక్కువసేపు నిలవదు. వేలి కొసతో చుక్కలు పెట్టి రుద్దడం కాదు, అరచేతిలోకి తీసుకుని, చర్మం నిగనిగలాడేంత మందంగా, వెంట్రుకలు పెరిగే దిశలో పైనుంచి కిందికి నిమరాలి. ఎగ్జిమా ఒంటినిండా ఉన్న పసిపిల్లలకు వారానికి 250 గ్రాముల దాకా పడుతుంది. రెండు నెలల కిందట రాసిచ్చిన 50 గ్రాముల ట్యూబులో సగం మిగిలి ఉండగా, ఇది పనిచేయలేదని నాకు చూపించే తల్లిదండ్రులు తరచూ కనిపిస్తారు. పనిచేయకపోవడం కాదు, ఒంటికి చేరనే లేదు. క్రీము రాసే ముందు చేతులు కడుక్కోండి. ఆహారం ముట్టుకున్న చేతులతో పగిలిన చర్మాన్ని నిమరకూడదన్న సంగతి పైన చెప్పిన కారణం వల్ల మీకు తెలిసే ఉంటుంది. తినే నూనెలు ఎగ్జిమా ఉన్న ఒంటికి రాయవద్దు.

మీ అత్తగారి భయం అకారణమైనదేమీ కాదు. తీవ్రమైన స్టెరాయిడ్‌ను నెలల తరబడి ఇష్టం వచ్చినట్టు ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది. పసిపిల్లల ముఖానికి సాధారణంగా రాసిచ్చే 1 శాతం హైడ్రోకార్టిజోన్ ఆ కోవలోది కాదు. సరైన బలంతో, సరైన మోతాదులో, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే జరిగే మేలు ముందు దాని హాని లెక్కలోకి రాదు. మోతాదుకు తేలికైన కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి గీత నుంచి కొస వరకు ట్యూబునుంచి పిండిన గీత సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో సహా, చోటుకు సరిపోతుంది. ఎరుపుతో పాటు గరుకుదనం కూడా పోయేదాకా రాయాలి. భయపడి రెండు రోజులకే ఆపేస్తే నాలుగో రోజుకు తిరగబెడుతుంది, మళ్లీ మొదలుపెడతారు. చివరికి లెక్క చూసుకుంటే మొత్తం మందు ఎక్కువే అయి ఉంటుంది. పదేపదే తిరగబెట్టే చోట్ల తగ్గాక కూడా వారానికి రెండు రోజులు రాయమని వైద్యులు చెప్పడం ఉంది. ఇంకొక మాట: తామర అన్న పేరును మనవాళ్లు ఫంగస్ జబ్బుకూ వాడతారు, ఎగ్జిమాకూ వాడతారు. ఎవరికో తామర తగ్గిందని మూడు నాలుగు మందులు కలిపిన క్రీము ఇస్తే పాపకు రాయకండి.

ఎగ్జిమా మచ్చల మీద పసుపు రంగు పక్కులు కట్టినా, రసి కారినా సూక్ష్మజీవులు చేరాయని అర్థం, డాక్టరుకు చూపించాలి. ఒకే తీరున ఉన్న చిన్న చిన్న గుంటల్లాంటి పుండ్లు ఒక్కసారిగా గుంపుగా వచ్చి, జ్వరం, నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది హెర్పిస్ వైరస్ సోకడం వల్ల కావచ్చు.

చర్మానికి ఇంత శ్రద్ధగా చికిత్స చేసినా ఎగ్జిమా లొంగకపోతే, అప్పుడు ఆహారం గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా అనుమానమున్న ఒక్కదాన్ని, వైద్యుడి సలహాతో కొద్ది వారాలు మాత్రమే ఆపి, తేడా కనిపించకపోతే వెంటనే తిరిగి మొదలుపెట్టాలి. టమాటా, నిమ్మజాతి పండ్లు తిన్నాక నోటి చుట్టూ మాత్రమే ఎర్రబడి గంటలో పోతే అది చాలావరకు పుల్లని రసం చేసిన చిరాకే. తినిపించే ముందు నోటి చుట్టూ కాస్త ఆయింట్‌మెంట్ రాస్తే సరిపోతుంది.

గుడ్డు విషయంలో మాత్రం ఇప్పుడు జాగ్రత్త తప్పదు. కొనే ప్రతి ఆహారం మీదా పదార్థాల జాబితా చదవండి, పాపను చూసుకునే ప్రతి ఒక్కరికీ చెప్పండి. పొరపాటున తిన్నప్పుడు దద్దుర్లతో ఆగక గొంతు బొంగురుపోయినా, ఆగని దగ్గు, పిల్లికూతలు, ఆయాసం వచ్చినా, పాప ఒక్కసారిగా పాలిపోయి వేలాడిపోయినా అది అనాఫిలాక్సిస్. దానికి మందు తొడ బయటివైపు కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్. దురద తగ్గించే సిరప్ పట్టి ఎదురుచూడడం చికిత్స కాదు. పాపను పడుకోబెట్టి ఉంచి, ఊపిరాడకపోతే ఒడిలో కూర్చోబెట్టుకుని, అంబులెన్సును పిలవండి. ఎడ్రినలిన్ ఇంట్లో ఉంచుకోవాలా, ఎలా ఇవ్వాలి అన్నది ఈసారి డాక్టరును కలిసినప్పుడు అడిగి నేర్చుకోండి. గుడ్డు అలర్జీ ఎక్కువమంది పిల్లల్లో పెరిగేకొద్దీ పోతుంది. బాగా బేక్ చేసిన కేకులాంటి వాటిలో కలిసిన గుడ్డును మిగతా రూపాలకంటే ముందే తట్టుకునేవాళ్లు చాలామంది. అది కూడా మీరు ఇంట్లో ప్రయోగించి చూడవలసినది కాదు, ఎప్పుడు పరీక్షించాలో డాక్టరు చెబుతారు.

ఎంఎంఆర్ టీకాను ఇక ఆపకండి. అందులోని తట్టు, గవదబిళ్లల వైరస్‌లను చాలా టీకాల్లో పెంచేది కోడిపిల్ల పిండం కణాల్లో. గుడ్డులోని అలర్జీ కలిగించే ప్రొటీన్ ఆ టీకాలో లేనట్టే లెక్క, కాబట్టి గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకు దాన్ని మామూలుగానే వేస్తారు. వేసేవారికి పాప అలర్జీ సంగతి చెప్పి, ఈ వారంలోనే వేయించండి.