ఆర్-5 నాణెం ఆస్తి లెక్కలో ఎంత?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, డాలస్‌లో ఉద్యోగం. 1807–1836 మధ్య ఫిలడెల్ఫియాలో కొట్టిన క్యాప్డ్ బస్ట్ (టోపీ పెట్టుకున్న లిబర్టీ బొమ్మ ఉన్న) వెండి అర డాలర్లను మూడేళ్లుగా సేకరిస్తున్నాను. ఇప్పటికి 16,000 డాలర్లు పెట్టాను. ఈమధ్య 240 డాలర్లకు కొన్న నాణెం అరుదుతనం కొలమానంలో ఆర్-5 మెట్టున ఉన్న అచ్చు (నాణేన్ని కొట్టే దిమ్మె) రకమని తేలింది. ఇలాంటివి మరిన్ని కొనడానికి పాప చదువుకు దాచే 529 ప్లాన్ నుంచి 12,000 తీయవచ్చా? లేదా నా రిటైర్మెంట్ ఖాతా ఐఆర్ఏలోనే ఈ నాణేలు పెట్టుకోవచ్చా?

జవాబు: రెండూ వద్దండి. 529 డబ్బును చదువుకు కాకుండా వాడితే అందులోని లాభం వాటాపై ఆదాయపు పన్ను, పైగా 10 శాతం అదనపు పన్ను పడతాయి. ఐఆర్ఏతో ఇలాంటి నాణెం కొంటే దాని ఖరీదు మేరకు డబ్బు బయటికి తీసుకున్నట్టే లెక్క. పన్ను కట్టాలి, మీకు 59½ నిండలేదు కనుక మామూలుగా 10 శాతం జరిమానా కూడా. అమెరికన్ ఈగిల్ నాణేలకూ, నిర్దేశిత స్వచ్ఛత ఉన్న కడ్డీలకూ ఉన్న మినహాయింపు 89.24 శాతం వెండి ఉన్న మీ అర డాలర్లకు వర్తించదు.

ఆర్-5 అంటే సుమారు 31 నుంచి 80 నాణేలు మాత్రమే మిగిలాయని అంచనా. ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతుంది, ఎంతమందికి కావాలో చెప్పదు. కొత్తవి బయటపడితే ఆర్-4కి దిగిపోతుంది కూడా. ఈ వరుసలో ఓవర్టన్ సంఖ్యలున్న (ఓవర్టన్ జాబితాలో ఓ-101 లాంటి సంఖ్యతో గుర్తించే) అచ్చు రకాలు దాదాపు 450. వాటన్నిటినీ వెతికేవాళ్లు కొద్దిమందే. 1815 సంగతి వేరు. ఆ ఏడాది తేదీతో కొట్టినవి 47,150, రకం ఒక్కటే, 2 మీద 5 దిద్దిన ఓ-101. ఏడాదికొకటి చొప్పున పేర్చుకునే ప్రతివాళ్లకూ అది కావాలి, అందుకే ఖరీదు. మీ నాణేనికి అలాంటి గిరాకీ లేదు. కాబట్టి ఆస్తుల జాబితాలో దాన్ని అదే ఏడాది, అదే గ్రేడు మామూలు నాణెం ధరకే రాయండి. రకం తెచ్చే అదనపు విలువ సున్నా అనుకోండి.

ముందు అసలు ఆ రకమేనా అన్నది తేల్చుకోవాలి. బొమ్మ, గద్ద మూల ముద్ర నుంచి దిగినా నక్షత్రాలు, అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటీ చేత్తో కొట్టినవి. అందుకే ప్రతి అచ్చులో చోటు కాస్త మారుతుంది. అరిగిన నాణేనికి వెనకవైపు నుంచి మొదలుపెట్టడం మేలు: మోటో ఉన్న పట్టీ చివరలు పైనున్న ఏ అక్షరాల కింద ఆగాయి, ‘50 సి’లో ఎడం ఎంత, డాలు మీది నిలువు గీతలు పైకి ఎంతవరకు చొచ్చాయి. తర్వాత ముందువైపు నక్షత్రం మొన అంచు చుట్టూ ఉండే పళ్లలాంటి గీతల్లో ఒక పంటికి ఎదురుగా ఉందా, సందుకు ఎదురుగా ఉందా చూడండి. ఒకే వెనక అచ్చును వేర్వేరు ముందు అచ్చులతో జతచేసి వాడారు. ఒకవైపు కలవగానే సంబరపడి ఆగిపోవడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. 10 రెట్ల భూతద్దం, పక్కనుంచి ఒకే దీపం చాలు. నాణేన్ని తిప్పుతూ చూడాలి. ఫోన్ కాస్త వంగినా ఫొటోలో మొన పక్క పంటికి జరిగినట్టు కనిపిస్తుంది.

అచ్చు పగిలితే నాణెం మీద పడే గీతను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు పడిన నాణెం మీద అది ఉండదు. 1814లో ‘ఒంటి ఆకు’ నాణెం ఓ-105ఏ. వెనకవైపు అచ్చును అరగదీసినప్పుడు గద్ద దగ్గరి కొమ్మలో కింది ఆకు చెరిగిపోయింది. అచ్చు ఓ-105దే, దశ మారింది. ఆ ‘ఏ’ చెప్పేది అదే.

తూకం కూడా చూడండి. ప్రమాణం 13.48 గ్రాములు, అరిగితే కొంత తగ్గుతుంది. ఆ రోజుల్లోనే నకిలీలు తిరిగాయి. నాణేలను పరీక్షించి గ్రేడు ఇచ్చే సంస్థలు ఎన్‌జీసీ, పీసీజీఎస్‌ల చేత రకాన్ని లేబుల్‌పై రాయించాలంటే విడిగా అడిగి రుసుము కట్టాలి. 240 డాలర్ల నాణేనికి ఆ ఖర్చు గిట్టుబాటవుతుందో లేదో ముందే చూసుకోండి.

అమ్మకం లెక్క ఇలా ఉంటుంది. కొనేవాడు మొత్తం 480 డాలర్లు ఇస్తాడనుకుందాం. వేలం ధరపై కొనేవాడు సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం 20 శాతమైతే వేలం ధర 400. అందులో మీ కమిషన్ 10 శాతం పోగా చేతికి 360, లాభం 120. ఏడాది దాటాక అమ్మినా సేకరణ వస్తువులపై ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 28 శాతం. మీ శ్లాబు 24 అయితే 24. షేర్లకైతే చాలామందికి 15. తోటి సేకర్తతో నాణెం మార్చుకున్నా అమ్మినట్టే. మార్పిడిలో పన్నును వాయిదా వేసుకునే సౌకర్యం 2018 నుంచి స్థిరాస్తికే మిగిలింది.

ఇక నుంచి కొత్త నాణేలకు డబ్బు నెలవారీ మిగులులోంచి, లేదా రెండేసి ఉన్నవాటిని అమ్మి తెచ్చుకోండి. మొత్తం సేకరణ నికర ఆస్తిలో 5 శాతం దాటకూడదని నా అభిప్రాయం. ఇంటి బీమాలో నాణేలకు పరిమితి చాలా పాలసీల్లో 200 డాలర్లే, బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీ రక్షణ లాకరులోని వస్తువులకు లేదు. విడిగా పాలసీ తీసుకోండి. పీవీసీ కవర్లు పచ్చటి జిగురు వదులుతాయి, మైలార్ అనే ప్లాస్టిక్‌వి వాడండి. నాణేన్ని తోమొద్దు, తుడవొద్దు.

ఒక్కో నాణేనికి ఓవర్టన్ సంఖ్య, కొన్న తేదీ, ధర, తూకం, రెండు వైపుల ఫొటోలు ఒక పట్టికలో పెట్టి మీ ఆవిడకు చూపించండి. సంఖ్య రాసిపెట్టకపోతే రేపు ఇంట్లోవాళ్లు ఆర్-5ను కూడా మామూలు ధరకే ఇచ్చేస్తారు.